మాఫీ చెయ్యని ఊరు

జీపు నేరుగా కళ్లంలోకి వచ్చి ఆగింది. మేం గోధుమలు తూర్పారబడుతున్నాం. మిట్టమధ్యాహ్నం. ఊరు ఊరంతా అక్కడే ఉంది, ఆడా మగా పిల్లా జెల్లా. కాబట్టి ఎవరూ చూడలేదన్న మాట అబద్ధం. అందరం చూశాం.

ముందు సీట్లో మా వడేరా హాజీ ధణీబఖ్ష్ కూర్చుని ఉన్నాడు. సింధులో మా కాలవ కింద కనుచూపు మేర నేలంతా ఆ దొరది. దాన్ని దున్నే హారీలం మేం. ఆ ఏడు తన మామిడితోటకి కొత్త పిల్లకాలవ తవ్వాలని ఊరంతటినీ వెట్టికి రమ్మన్నాడు. కోతలయ్యేదాకా రాలేమని ముగ్గురు మొహం మీదే చెప్పేశారు. మా అన్న బచల్, ఖమీసో, ఉర్స్. దేశాన్ని సైన్యం ఏలుతున్న రోజులవి. పేదవాడు గట్టిగా దగ్గినా నేరమే.

దొర జీపు దిగలేదు. నవ్వాడు.

"ఏరా బచల్, రానన్నావంట? ఎక్కండి ముగ్గురూ. ఓతాఖు కాడ చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం."

ఓతాఖు అంటే దొర కొలువు తీరే చోటు. అక్కడ మాకు చాయ్ పోసిన పాపాన ఎవరూ పోలేదు. జీపు వెనక తుపాకులు పట్టుకుని నలుగురున్నారు. మా అన్న చేతులు దులుపుకుని వదిన వైపు తిరిగాడు.

"ఆ చేట మనది కాదే, ఖమీసో వాళ్లది. ఇచ్చెయ్," అన్నాడు.

అదే ఆఖరి మాట. జీపు లేపిన దుమ్మంతా మా గింజల మీద పడింది.

వాళ్లు మళ్లీ రాలేదు. కరాచీ పారిపోయారని ఠాణేదారు తేల్చాడు. ముగ్గురు మగాళ్లు, కట్టుబట్టలతో, కాళ్లకి చెప్పులైనా లేకుండా, కోతల మధ్యలో కరాచీ పారిపోయారట! చాయ్ తాగి నవ్వుకుంటూ వెళ్లారని కామ్‌దారు పున్హల్ సాక్ష్యం చెప్పాడు. వీడు దొర పొలాల మీద పెత్తనం చేసేవాడు. మాలో పుట్టి మా మీదే కర్ర పట్టుకున్నవాడు.

ఆ తర్వాత మా ఊరు మామూలు ఊరు కాలేదు. పోయినవాడి కోసం ఏడవచ్చు. ఉన్నవాడి కోసం ఎదురుచూడవచ్చు. ఈ ముగ్గురి కోసం ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మా సభాగీ వదిన గాజులు తియ్యలేదు. మొగుడు పోయిన ఆడది ఇద్దత్ పాటించాలి, గడువయ్యేదాకా గడప దాటకూడదు. "పాటిస్తాను మౌల్వీ సాబ్, ఏ రోజు నించి లెక్కెట్టుకోమంటారు?" అని అడిగింది. 

ఉర్స్ చిన్న కూతురు ఓ సందెవేళ నీళ్లకెళ్లి వచ్చి, "మా అబ్బా కాలవ గట్టు మీద నిలబడ్డాడు. కాళ్లకి మట్టి ఉంది," అని చెప్పింది. ఎవరం దాన్ని కసరలేదు. మాలో చాలామందికి వాళ్లు కనబడుతూనే ఉన్నారు. పొద్దు గూకుతుంటే గట్టు మీద ఒకరి వెనక ఒకరు, మా వైపు చూడకుండా, ఓతాఖు వైపే నడుస్తూ. ఎవరూ పలకరించేవారు కాదు. పలకరిస్తే వాళ్లు చచ్చిపోయారని మనమే ఒప్పుకున్నట్టవుతుందని భయం. నేనూ పలకరించలేదు. నా సొంత అన్నని.

శుక్రవారం శుక్రవారం నమాజయ్యాక కొలువు. దొర మంచం మీద, మేం ఓతాఖు ముందు అలికిన నేల మీద. దొర రెండుసార్లు హజ్ చేసొచ్చిన మనిషి. చేతిలో తస్బీ పూసలు తిరుగుతూనే ఉండేవి, నోట్లోంచి బూతులు జారుతూనే ఉండేవి. రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చేవి కావు. అంత సాధన.

ఏడేళ్లకి, నిప్పులు కురిసే జూన్ నెలలో, దొర చచ్చాడు.

మా వాళ్లలో ఎవరన్నా పోతే ఆ పూటే మట్టి చేసేస్తాం. ధర్మం కూడా అదే చెప్పింది. కానీ దొర చావుకి కార్లు రావద్దూ? కొడుకు ఇమ్దాద్ కరాచీ నించి రావాలి, పక్క వడేరాలు రావాలి, పట్నం నించి పెద్ద మౌలానా రావాలి. అంతదాకా శవాన్ని మంచు దిమ్మల మధ్య పెట్టారు. గోరీ తవ్వమని మాకు కబురొచ్చింది. తవ్వాం. తవ్వి వచ్చి, మసీదు ముందు చేతులు కడుక్కుంటుంటే వదిన వచ్చింది. ఆమె వెనక ఖమీసో తల్లి, ఉర్స్ పెళ్లాం, ఇంకా పొలం పనులకెళ్లే ఆడవాళ్లు చాలామంది.

"మధ్యాహ్నం అడుగుతారు మిమ్మల్ని," అంది వదిన. "ఏమంటారు?"

ఏం అడుగుతారో అందరికీ తెలుసు. పోయినవాళ్ల కోసం చేసే జనాజా నమాజుకి ముందు వారసుడు జనం ఎదుట నిలబడి, పోయినాయన ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే అల్లా కోసం మాఫీ చెయ్యండి అని అడుగుతాడు. జనం మాఫీ అంటారు. ఎవరూ ఆలోచించరు. తుమ్మినవాణ్ణి దీవించినట్టు, నోట్లోంచి అదే వచ్చేస్తుంది.

జుమో చాచా మా ఊళ్లో అందరికంటే పెద్ద. ఆయన గడ్డం తుడుచుకున్నాడు. "మాఫీ అనక ఏమంటాం తల్లీ? పోయినవాడితో పగేంటి? చచ్చినవాణ్ణి చెడ్డగా అనకూడదు."

"నాకు పగ లేదు చాచా. నా మొగుడెక్కడున్నాడో చెప్పమంటున్నా."

"ఎవరు చెబుతారే? చెప్పేవాడు మంచు మీద పడుకున్నాడు!"

"ఒక్కడే చేసుంటాడా? గొయ్యి తవ్వినవాడు లేడా? మోసినవాడు లేడా? మీరు మాఫీ అన్నారనుకో, ఇంక జన్మలో ఎవడూ నోరు విప్పడు. ఇవాళొక్క రోజే వాళ్లకి మనతో పని పడింది. ఇన్నాళ్లూ మనకే కదా వాళ్లతో పని!"

"కొడుకు తుపాకులు ఎక్కుపెడితే?" అన్నాడు సోమ్రో. మాలో బలమైన కుర్రాడు. "ఖమీసోకి పట్టిన గతే మనకీ. పిల్లల్ని ఎవడు చూస్తాడు?"

"అయితే నోరు మూసుకో. అది నీకు బాగానే వచ్చుగా," అంది ఉర్స్ పెళ్లాం. "నేను తిట్టమనటంలేదు, కొట్టమనటంలేదు. మాఫీ అనొద్దు అంటున్నా. ఆ ఒక్క మాట మింగలేవూ? ఏడేళ్లుగా ఎన్ని మింగలేదు!"

కొందరు నవ్వారు. నవ్వి, ఎవరన్నా విన్నారేమోనని చుట్టూ చూశారు.

"మౌల్వీ సాబ్, మీరు చెప్పండి," అన్నాను నేను. "మాఫీ చెయ్యకపోతే మాకు పాపమా?"

మా మౌల్వీ అబ్దుల్ హయ్ బక్కపల్చని మనిషి. మేమిచ్చే గింజలతో బతుకుతూ మా పిల్లలకి అక్షరాలు నేర్పేవాడు. దొర ఎదుట ఆయన గొంతు పెగలగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు మసీదు మెట్టు మీద కూర్చున్నాడు.

"నమాజు ఎగ్గొట్టావనుకో, రోజా ఉపవాసం వదిలేశావనుకో, అది నీకూ దేవుడికీ మధ్య సంగతి," అన్నాడు. "ఆయన దయామయుడు, మాఫీ చేస్తాడు. కానీ నువ్వు ఒక మనిషి హక్కు లాక్కుంటే, దేవుడే అయినా ఆ మనిషిని దాటి మాఫీ చెయ్యడు. ఆ అధికారం ఆ మనిషి చేతిలోనే పెట్టాడు. సభాగీ చేతిలో పెట్టాడు."

"చచ్చినవాణ్ణి..." అని మళ్లీ మొదలెట్టాడు చాచా.

"చెడ్డమాట పైకి అనడం దేవుడికి నచ్చదు చాచా, నిజమే. కానీ ఆ మాటలోనే ఒకరికి మినహాయింపు ఇచ్చాడు. అన్యాయం జరిగినవాడికి. వాడు నలుగురిలో అరవొచ్చు. ఇంకో మాట. నీ అన్నదమ్ముడు అన్యాయానికి గురైనా సాయం చెయ్యి, అన్యాయం చేసేవాడైనా సాయం చెయ్యి అన్నారు ప్రవక్త. చేసేవాడికి సాయమేంటని అడిగారు. వాడి చెయ్యి పట్టుకుని ఆపు, అదే వాడికి సాయం అన్నారు." ఆయన మా మొహాలు చూశాడు. "మనం ధణీబఖ్ష్‌కి ఆ సాయం ఒక్కనాడూ చెయ్యలేదు. తల వంచాం. దాన్ని మంచితనం అనుకున్నాం. కాదు. భయం."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మౌల్వీ సాబ్?" అన్నాడు సోమ్రో కోపంగా.

"నన్నెవరూ అడగలేదురా. నాకై నేను చెప్పే దమ్ము లేదు. ఇవాళ మీరంతా ఉన్నారు." 

అంతే. చేతులెత్తించలేదు, ఒట్లు వేయించలేదు. జుమో చాచా గొణుగుతూనే లేచాడు. "నేను ముసలాణ్ణి. నా నోటికి అలవాటైపోయింది, మాఫీ అనేస్తానేమో. ఎవడన్నా నా పక్కన నిలబడి నా నోరు మూయండి."

శ్మశానం పక్క మైదానం కార్లతో నిండిపోయింది. ముందు వరసల్లో ఇస్త్రీ బట్టలు, అత్తరు వాసన. వెనక మేమూ, చుట్టుపక్కల నాలుగూళ్ల హారీలూ. జనాజా మంచం కింద మంచునీళ్లు కారి మట్టిలో ఇంకుతున్నాయి. పట్నం మౌలానా ముందు నిలబడ్డాడు. దొర కొడుకు ఇమ్దాద్ నల్ల కళ్లద్దాలు తీసి జనం వైపు తిరిగాడు. మనిషి నిజంగానే ఏడ్చినట్టున్నాడు.

"మా బాబాజాన్ ఎవరినైనా నొప్పించి ఉంటే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే, అల్లా కోసం మాఫీ చెయ్యండి."

ముందు వరసలు మాఫీ అన్నాయి. పాపం, వాళ్లకి దొర ఏ అన్యాయం చేశాడని! మా వైపు నించి ఒక్క మాట రాలేదు.

అంతమంది మనుషులు అంత నిశ్శబ్దంగా ఉండగలరని నాకు ఆ రోజే తెలిసింది. జుమో చాచా రెండు చేతులతో తన నోరు తనే మూసుకుని నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నా పక్కన మా అన్న నిలబడ్డట్టే అనిపించింది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఇమ్దాద్ మళ్లీ అడిగాడు. గొంతు కాస్త మారింది. మళ్లీ అదే మౌనం. కామ్‌దారు పున్హల్ పరుగున మా వరసల్లోకి వచ్చాడు. "నోళ్లు పడిపోయాయా? చెప్పండ్రా! ఎండలో శవం పాడైపోతోంది!"

"మా వాళ్ల శవాలేమయ్యాయి పున్హల్?" ఆడగొంతు.

మైదానం అంచున ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. జనాజా దగ్గరికి ఆడవాళ్లు రావడం మాలో లేదు. వదిన ఇమ్దాద్ వైపు నాలుగడుగులు ముందుకేసింది. "నేను బచల్ పెళ్లాన్ని. పెళ్లాన్నో ముండమోసినదాన్నో మీరే చెప్పాలి. మీ నాయన పక్కన మంచు పెట్టారు, అత్తరు చల్లారు, గోరీ మా చేత తవ్వించారు. బాగుంది. మా ముగ్గురికీ గోరీ ఏదయ్యా? వాళ్లెక్కడున్నారో చూపించండి. మా వాళ్లకి నమాజు చేసుకోనివ్వండి. ఆ తర్వాత మాఫీ మాట."

"ఈ ఆడదాన్ని లాగెయ్యండి!" అన్నాడు ఇమ్దాద్. ఠాణేదారు కదిలాడు. హారీలు వరస చెదరకుండా ఆమె చుట్టూ జరిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఠాణేదారు చుట్టూ చూసుకుని ఆగిపోయాడు.

పట్నం మౌలానా గట్టిగా గద్దించాడు. "మయ్యిత్ ఎదుట, శవం ఎదుట రభసా? భయం లేదూ మీకు?"

మా మౌల్వీ ముందుకొచ్చాడు. "పెద్దవారు. మీకు తెలియనిదేముంది. ఈ హక్కు వీళ్లది. వీళ్లు వదలకుండా ఎవరైనా వదిలించగలరా? మీరు అవునంటే నేను పక్కకి తప్పుకుంటా."

మౌలానా ఇమ్దాద్‌ని చూశాడు, మమ్మల్ని చూశాడు. అత్తరు పూసుకున్నా చదువు చదువే. "హక్కు వాళ్లదే," అన్నాడు మెల్లగా. "నమాజు నేను చేయిస్తాను. మాఫీ మాత్రం నేను ఇప్పించలేను." 

ఇమ్దాద్ సైగ చేశాడు. తుపాకులు గాలిలో పేలాయి. ఆడవాళ్లు కూర్చుండిపోయారు గానీ వెనక్కి పోలేదు. పక్షులు లేచి మళ్లీ వాలాయి. అప్పుడు, జనాజా మంచం పక్కన, పున్హల్ నేల మీద కూలబడ్డాడు.

తల మీంచి టోపీ జారింది. మంచునీళ్లు అతని మోకాళ్ల కిందికి వస్తున్నాయి. "నన్నూ ఓ రోజు ఇలా పడుకోబెడతారు," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "నాకెవరు అంటారు? నాకెవరంటారు మాఫీ?"

"నోర్ముయ్ పున్హల్!" అన్నాడు ఇమ్దాద్.

"ఓతాఖు ముందు," అన్నాడు పున్హల్. "శుక్రవారం మీరు కూర్చునే చోటే. రాత్రికి రాత్రి పూడ్చాం. మర్నాడు అలకడానికి ఊరి ఆడవాళ్లని పిలిచాను. సభాగీ... నువ్వూ వచ్చావు. పేడ సరిపోలేదంటే నువ్వే ఇంకో తట్ట తెచ్చావు."

వదిన ఏడవలేదు. తన రెండు అరచేతుల వైపు చూసుకుంది. నేను చాలా చావులు చూశాను, లాఠీలు తిన్నాను, జైలు చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఎవరు ముందు కదిలారో తెలియదు. దొర గోరీ పక్కన పడి ఉన్న పారలు చేతికొచ్చాయి. నాలుగూళ్ల జనం ఓతాఖు వైపు నడిచారు. గేటు దగ్గర కాపలావాళ్లు అడ్డం నిలబడ్డారు. అందులో ఒకడు ఖమీసోకి మేనల్లుడి వరస. వాడు తుపాకీ గోడకి ఆనించి పక్కకి తప్పుకున్నాడు, మిగతావాళ్లు వాణ్ణి చూసి తప్పుకున్నారు.

మేం నెమ్మదిగా తవ్వాం. పార తగులుతుందేమోనని కొంతసేపయ్యాక చేతులతో తవ్వాం. ఎంత కింద ఉన్నారనుకున్నారు? మోకాలి లోతు. అన్ని శుక్రవారాలు మేం వాళ్ల మీద గొంతుక్కూర్చుని చేతులు జోడించాం. ముగ్గురూ ఒకరి పక్కన ఒకరున్నారు. ఒకడి ఎడమ కాలి ఎముక వంకరగా అతుక్కుని ఉంది. చిన్నప్పుడు ఒంటె తొక్కిన కాలు. అతుకు వేస్తున్నప్పుడు వాడి తల పట్టుకున్నది నేనే.

"ఇతనే," అంది వదిన. గాజులు నేలకేసి కొట్టింది. అప్పుడు ఏడ్చింది. ఏడేళ్ల ఏడుపు. ఊరి ఆడవాళ్లంతా ఆ అలికిన నేలంతా గోళ్లతో పెళ్లగిస్తూ ఏడ్చారు.

దొర కోసం తెచ్చిన తెల్లగుడ్డ తాను మిగిలి ఉంటే జుమో చాచా వెళ్లి ఎవర్నీ అడక్కుండా తెచ్చేశాడు. మా మౌల్వీ నమాజు చేయించాడు. కార్లు నడిపే డ్రైవర్లు కూడా వచ్చి మా వెనక వరసల్లో నిలబడ్డారు. పట్నం మౌలానా చివరి వరసలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. మైదానంలో దొర జనాజా దగ్గర గుప్పెడుమంది మిగిలారు. మాఫీ లేకుండానే ఆయన్ని మట్టిలో పెట్టుకున్నారు. మట్టి వెయ్యడానికి మాలో ఒక్కడూ వెళ్లలేదు.

"ఇప్పుడన్నా మాఫీ అందామా సభాగీ?" అన్నాడు చాచా, ముగ్గుర్నీ మట్టి చేసి తిరిగొస్తూ. "చోటు చెప్పారు కదా."

"చోటు చెప్పింది పున్హల్. అతని సంగతి తర్వాత చూద్దాం. చంపామని ఆ ఇంట్లో ఎవరన్నా ఒప్పుకున్నారా చాచా? ఒప్పుకోమను."

మర్నాడు పొద్దున్నే లారీలు వచ్చాయి. శవాన్ని అవమానించారు, శాంతికి భంగం కలిగించారు, సైనిక చట్టాన్ని ధిక్కరించారంటూ మా మీద కేసులు. ముగ్గుర్ని చంపినవాళ్ల మీద మాత్రం కేసు లేదు. వదినని, మౌల్వీని, నన్ను, సోమ్రోని, ఇంకా చాలామందిని ఠాణాకి ఎక్కించారు. పున్హల్‌ని కూడా. అతన్ని మా గదిలోనే పడేశారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ కొట్టలేదు. నీళ్ల కుండ తిరిగి తిరిగి అతని దాకా వచ్చింది. మౌల్వీ ముంచి ఇచ్చాడు.

"ఇది మాఫీ కాదు," అన్నాడు. "దాహం. సాక్ష్యం చెప్పేదాకా నీ గొంతు ఆరిపోకూడదు."

ఠాణా బయట మా ఊరు కూర్చుంది. పొయ్యిలు అక్కడే పెట్టారు. పక్కూళ్లవాళ్లు పిండి తెచ్చారు. ఠాణేదారు కొట్టించాడు, లేచారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు.

అలా ఉండగా ఓ మధ్యాహ్నం కాలవ అవతలి పల్లె నించి కొందరొచ్చారు. నడకని బట్టే తెలిసింది, చీలమండల దగ్గర గొలుసు మచ్చలున్నాయి. వాళ్ల వడేరా ముసలివాడు, మంచం పట్టి ఉన్నాడు. తన సొంత జైల్లో కుటుంబాలకి కుటుంబాల్నే గొలుసులేసి ఉంచేవాడు. మా ఊరి జనాజా కబురు విన్న దగ్గర్నించి వాడికి నిద్ర లేదట. గొలుసులు విప్పించి, అందరికీ అన్నం పెట్టించి, మాఫీ మాఫీ అని మంచంలోంచే చేతులు జోడిస్తున్నాడట.

వాళ్లలో ఓ పెద్దామె ఆడవాళ్ల గది ఊచల దగ్గరికి వచ్చి వదినని వెతుక్కుంది. "నా కొడుకులు ఇద్దరు కనబడకుండా పోయారు తల్లీ. నీకు దొరికారంట గదా. మేం ఎక్కడ తవ్వాలి?"

వదిన ఊచల్లోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. మేం మగవాళ్ల గదిలోంచి వింటున్నాం.

"తవ్వొద్దు పెద్దమ్మా. మేం శవాన్ని అడగాల్సి వచ్చింది. మీ వడేరా ఇంకా బతికే ఉన్నాడు. ఊపిరుండగానే అడుగు. నోటితో చెప్పించు, పదిమంది ఎదుట చెప్పించు. చెప్పేదాకా మంచం దగ్గర్నించి కదలొద్దు. ఒక్కదానివి మాత్రం పోకు."

పెద్దామె వెనక్కి తిరిగి ఠాణా ముందు కూర్చున్న జనాన్ని చూసింది. జుమో చాచా అప్పటికే కర్ర పట్టుకుని లేస్తున్నాడు. ఉర్స్ పెళ్లాం పొయ్యిలో నిప్పు ఆర్పి చెయ్యి తుడుచుకుంది. సగంమంది మా కోసం అక్కడే ఉండిపోయారు. సగంమంది ఆమె వెంట కాలవ గట్టెక్కారు.